ఇంగ్లండులో చిన్న ఫుట్‌బాలు క్లబ్బుల ఋణబాధలు

రాచ్‌డేలు పట్టణము పేరు వినని సహకారి మన సంఘములలో అరుదు. 1844 వ సంవత్సరము డిసెంబరు 21 వ తేదీని అచ్చటి నేతపనివారు మొదలగు కార్మికులు 28 పౌనుల మూలధనముతో టోడ్ లేన్ అను వీధిలో ఒక చిన్న యంగడి తెరచి, పిండి, వెన్న, చక్కెర మొదలగు సరకులను అమ్మనారంభించిరి. సభ్యున కొక్క వోటు అని మన నిబంధనావళులలో వ్రాసికొన్న మాటకు ఆ యంగడియే మూలము. ఆ పట్టణముననే 1907 లో ఒక ఫుట్‌బాలు క్లబ్బు వెలసినది. అది 1921 మొదలు 2023 వరకు ఎడతెగక 102 సంవత్సరములు లీగునందు ఆడినది. అంతకాలములో పై రెండు తరగతులకు ఒక్కమారైనను ఎక్కినది కాదు. 2023 లో లీగునుండియే దిగజారెను. మరుసటి యేట వసంతమున, 20 లక్షల పౌనులు త్వరలో చేతికి రానిచో క్లబ్బును మూయవలసి వచ్చునని దాని అధ్యక్షుడు ప్రకటింపవలసినవాడయ్యెను. మే నెలలో ఒక ధనిక కుటుంబమువారు వాటాలలో అధికభాగము గైకొనుటచే ప్రాణము నిలిచినది. సహకారమునకు పుట్టినిల్లైన యూరి ఆటక్లబ్బు ఒక శ్రీమంతుని వాకిట నిలువవలసి వచ్చుట వింతగా తోచవచ్చును. అయినను ఆ దేశమున ఇట్టి కథలు పదుల కొలది కలవు. వానియందు రైతు కెరుకపడని విషయ మేదియు లేదు: ఋణము, తాకట్టు, పూచీ, ఆశ.

ఆ దేశమున వృత్తి ఫుట్‌బాలు మెట్లు మెట్లుగా నున్నది. అన్నిటికి మీద ప్రీమియరు లీగు. అందు 20 క్లబ్బులు. దాని క్రింద తరగతికి 24 చొప్పున మూడు తరగతులలో 72 క్లబ్బులు. ఇవి 1888 లో 12 క్లబ్బులతో నేర్పడిన పాత ఫుట్‌బాలు లీగుకు వారసులు. ఇంకను క్రింద నేషనలు లీగు, దానికి దిగువ ప్రాంతీయ లీగులు. ఏటేట గెలిచినవారు పై మెట్టున కెక్కుదురు, ఓడినవారు క్రిందికి దిగుదురు. ఆటకు రక్తి యంతయు ఈ ఎక్కుట దిగుటలలోనే యున్నది. అప్పులకు మూలమును అదియే.

ఎట్లన, మెట్టునకు మెట్టునకు నడుమ రాబడిలో నున్న యంతరము సామాన్యమైనది కాదు. ప్రీమియరు లీగువారు తమ దేశములో టెలివిజనుపై ఆటలు చూపుటకు 2025 నుండి నాలుగు సంవత్సరములకు 670 కోట్ల పౌనుల ఒడంబడిక చేసికొనిరి. క్రింది 72 క్లబ్బులన్నిటికిని కలిపి 2024 నుండి అయిదు సంవత్సరములకు వచ్చునది 93½ కోట్లు మాత్రమే. ఆ కొలదిపాటి సొమ్మునైనను సమముగా పంచుకొనరు. చిరకాలముగా నూటికి 80 వంతులు పై తరగతికి, 12 వంతులు నడిమి తరగతికి, 8 వంతులు అడుగు తరగతికి అను లెక్క నడచినది. కావున అడుగు తరగతి క్లబ్బు నిజముగా నమ్ముకొనదగినది వాకిట వసూలగు టిక్కెట్ల సొమ్మునే. వానచే ఆట నిలిచిన వారమున అదియు లేదు. 2020 మార్చిలో అంటువ్యాధి వలన వాకిళ్ళు మూతబడినప్పుడు పెద్ద క్లబ్బులు జనము లేకయే ఆడి టెలివిజను సొమ్ము తెచ్చుకొన్నవి. అడుగు తరగతివారు ఆ యేటి ఆటలనే మధ్యలో ముగించుకొనిరి.

పూర్వము ఇంతటి యెక్కువ తక్కువలు లేకుండుటకు కొన్ని కట్టుబాట్లుండెను. అవి మన సహకార చట్టమునకు దగ్గరి చుట్టములవలె కనబడును. ఫుట్‌బాలు అసోసియేషనువారి 34 వ నిబంధన యొకటి యుండెను. దాని ప్రకారము క్లబ్బు లిమిటెడ్ కంపెనీయైనను వాటాదారులకు నూటికి 5 కంటె మించి లాభము పంచరాదు. ఈ పరిమితిని తరువాత కొంచెము కొంచెముగా పెంచిరి. డైరెక్టర్లు జీతము పుచ్చుకొనరాదు. క్లబ్బు మూతబడినచో మిగిలిన యాస్తి వాటాదారులకు గాక ఇతర ఆటసంస్థలకో ధర్మసంస్థలకో చెందవలయును. లాభముకొరకు ఎవ్వరును క్లబ్బు కొనకుండుటకే ఈ కట్టుబాటు. 1983 లో టాటెన్‌హాం క్లబ్బువారు క్లబ్బు పైన మరియొక కంపెనీ నిలిపి, ఆ కంపెనీ వాటాలను స్టాకు ఎక్స్ఛేంజిలో అమ్మి, నిబంధనను తాకకయే దాటిపోయిరి. తక్కినవారును ఆ దారినే నడచిరి. గట్టును తెగగొట్టకయే క్రిందుగా తూము తవ్వినట్లు.

టిక్కెట్ల సొమ్ములో కొంతభాగము దర్శింపవచ్చిన క్లబ్బునకు ఇచ్చు ఆచారము కూడ ఆ 1983 లోనే లీగు ఆటలలో ఆగిపోయెను. పెద్ద నగరపు క్లబ్బు తన వాకిట వచ్చినదంతయు తానే తినసాగెను. ఆటగాని జీతమునకు 1961 వరకు పైహద్దు యుండెను. తుదకది వారమునకు 20 పౌనులు. దానిని తీసివేయుట న్యాయమే. పనివాని కూలికి యజమానులందరు కలిసి పైహద్దు పెట్టుట ధర్మమని నేననను. కాని ఆ హద్దు పోయినపిదప దాని స్థానమున జీతములను రాబడితో ముడిపెట్టు ఏర్పాటేదియు చాలకాలము రాలేదు. 1992 లో పై తరగతి క్లబ్బులు 22 వేరుపడి ప్రీమియరు లీగు స్థాపించుకొనిన తరువాత ఉమ్మడి కుటుంబము విడిపోయిన యిల్లువలె నయ్యెను. పెద్దన్న తన కాపురము చక్కబెట్టుకొనెను.

ఇక చిన్న క్లబ్బు చేయున దేమి? పై మెట్టు ఎక్కినచో రాబడి పెరుగును. ఎక్కవలెనన్న మంచి ఆటగాండ్రు కావలయును. వారు కావలెనన్న ఆటకాలము మొదలు కాకముందే రెండు మూడేండ్లకు జీతపు కాగితములు వ్రాసి యీయవలయును. ఎక్కువారు ఏట ముగ్గురో నలుగురో. వ్రాసి యిచ్చువారు ఇరువదిమంది. పొగాకు ధర పెరుగునని గ్రామమంతయు అప్పుచేసి పొగాకే వేసినట్లు. రెండవ తరగతిలో కొన్ని సంవత్సరములు క్లబ్బులన్నిటి జీతముల మొత్తము వాని రాబడి మొత్తమునకే మించిపోయినది. ఆ లోటు యజమాని సంచినుండి పూడవలయును, లేదా అప్పు కావలయును. 2020 ఆగస్టులో క్లబ్బులే వోటు వేసి మూడవ తరగతి జీతములకు ఏటికి 25 లక్షల పౌనులు, నాలుగవ తరగతికి 15 లక్షలు పరిమితిగా నిర్ణయించుకొన్నవి. ఆటగాండ్ర సంఘముతో తగినట్లు సంప్రదింపలేదను కారణమున 2021 ఫిబ్రవరిలో మధ్యవర్తులు దానిని కొట్టివేసిరి.

ఆశతోపాటు అజాగ్రత్త కలిసిన నేమగునో తెలియుటకు 2002 నాటి కథ చాలును. ఐ టి వి డిజిటలు అను టెలివిజను కంపెనీ మూడేండ్లకు 31½ కోట్ల పౌనులు ఇచ్చెదనని ఫుట్‌బాలు లీగుతో ఒడంబడిక చేసికొనెను. క్లబ్బులు ఆ సొమ్ము వచ్చినట్లే యెంచి జీతములు పెంచినవి. చూచువారు చాలక కంపెనీ 2002 మార్చిలో కూలిపోయెను. ఇంకను రావలసినది దాదాపు 17 కోట్ల 85 లక్షలు. ఆ కంపెనీకి తల్లులవంటి కంపెనీలు రెండు, కార్ల్‌టను, గ్రనాడా అనునవి, బలముగనే యుండెను. బిడ్డ అప్పు తల్లులు తీర్పవలెనని లీగు న్యాయస్థానమునకు పోయెను. తల్లికంపెనీలు పూచీపడుచు వ్రాసిన సంతకము ఏదీ? అట్టి కాగితమే లేకపోయెను. 2002 ఆగస్టున లీగు ఓడిపోయెను. నూరు రూపాయల చేబదులుకు సైతము ఇద్దరు జామీనుదారుల సంతకము లేక సొమ్మీయని మన సంఘ కార్యదర్శులు ఈ వృత్తాంతము చదివి నవ్వుదురు. కాని దాని ఫలితము నవ్వదగినది కాదు. అనేకమంది ఆటగాండ్రు పనిలేనివారైరి. తరువాతి నెలలలో క్లబ్బు వెంట క్లబ్బు దివాలా రక్షణను కోరెను.

దివాలా రక్షణ యనగా, అప్పులవారు మీదబడకుండ న్యాయాధికారమున నియుక్తుడగు నొక అధికారి క్లబ్బును తన స్వాధీనమునకు తీసికొని, కొనువానిని వెదకుట. దీనికి లీగువారు విధించు శిక్ష పట్టికలో 12 పాయింట్ల కోత. ఇందొక వింత నిబంధన కలదు. లీగులో కొనసాగవలెనన్న ముందుగా ఇతర క్లబ్బుల బాకీలు, ఆటగాండ్ర జీతములు పూర్తిగా చెల్లింపవలయును. మిగిలినదానిలో తక్కినవారు పౌనుకు కొన్ని పెన్నీల చొప్పున సర్దుకొనవలయును. తక్కినవారెవరు? ఆటనాడు రొట్టెలు పోసినవాడు, దుస్తులుతికినవాడు, కప్పు బాగుచేసిన వడ్రంగి, ఆ యూరి చిన్న వర్తకులు. సర్కారు పన్నుశాఖవారు ఈ నిబంధన అన్యాయమని వాదించి 2012 లో ఓడిపోయిరి. లీగు చెప్పు సమాధానము, ఒక క్లబ్బు మరియొక క్లబ్బును ముంచి పై మెట్టెక్కకుండుటకే యిది యని. సమాధానములో కొంత సత్యమున్నది. అయినను ఋణదాతలలో కడు బలహీనుని వెనుకకు నెట్టు ఏర్పాటు మంచి యేర్పాటని ఒప్పుకొనుట నాకు కష్టముగా నున్నది.

రాచ్‌డేలు పొరుగుననే బరీ అను పట్టణము కలదు. అచ్చటి క్లబ్బు 1885 లో పుట్టి 1894 లో లీగున చేరెను. 1900 లోను 1903 లోను దేశపు కప్పు గెలిచెను. రెండవమారు తుదియాటలో డెర్బీ కౌంటీపై ఆరు గోలులకు సున్న. ఆ యంతరమును 2019 వరకు ఏ క్లబ్బును అందుకొనలేకపోయెను. దాని ఆటమైదానము గిగ్ లేన్. ఆ భూమి డెర్బీ ప్రభువుది. కౌలుకు ఆడుచుండిన క్లబ్బునకు 1922 లో ఆయన దానిని దానముగా నిచ్చెను. క్లబ్బునకు గల యాస్తి యదియే. ఆటగాండ్రు వత్తురు పోదురు, భూమి నిలుచును.

ఆ నిలిచిన భూమి మీద అప్పులు పుట్టెను. 2013 నుండి క్లబ్బును నడపిన యజమాని కాలమున రాబడికి మించిన జీతములతో పై మెట్టునకు ఎగబ్రాకుట మొదలయ్యెను, మైదానము తాకట్టు పడెను. మైదానము పక్కన బండ్లు నిలుపుకొను జాగాలను సైతము ఏటేట ఇంత వడ్డీ ఇచ్చెదమని చెప్పి విడివిడిగా అమ్మిరి. 2018 డిసెంబరులో ఆ యజమాని క్లబ్బును అప్పులతోసహా మరియొకనికి ఒక్క పౌనుకు అమ్మివేసెను. ఒక్క పౌనుకు వచ్చు ఆస్తి యెట్టిదో పాఠకులే ఊహింపగలరు. 2019 వసంతమున జీతములు సరిగా అందకయే ఆటగాండ్రు ఆడి క్లబ్బును మూడవ తరగతికి ఎక్కించిరి. జూలైలో అప్పులవారితో రాజీ కుదిరెను. కాని అప్పులు తీర్చుటకును ఆ యేడు నడపుటకును సొమ్మెక్కడిదో చూపుమని లీగు అడుగగా యజమాని చూపలేకపోయెను. ఆగస్టు ఆటలు ఒకటొకటిగా నిలిపివేయబడెను.

ఆగస్టు 27 వ తేది మంగళవారము తుది గడువు. ఒక కంపెనీ కొనుటకు సిద్ధముగా నున్నదని విని, ఆ యుదయము వందలకొలది యూరివారు చీపురులు, బకెట్లు పట్టుకొని గిగ్ లేనునకు వచ్చిరి. క్లబ్బు నిలిచినచో మైదానము సిద్ధముగా నుండవలెను గదా యని కుర్చీలు తుడిచిరి, మెట్లు ఊడ్చిరి. కొనవచ్చిన కంపెనీవారు లెక్కలు చూచి మధ్యాహ్నము వెనుదీసిరి. ఆ రాత్రి బరీ క్లబ్బును లీగునుండి తొలగించినట్లు ప్రకటన వెలువడెను. 125 సంవత్సరముల సభ్యత్వము. మూడవ తరగతి ఆ యేడు 23 క్లబ్బులతోనే నడచెను. పొరుగునున్న బోల్టను క్లబ్బు, 1888 నాటి మూలసభ్యులలో నొకటి, అదే వారమున అదే గోతి యంచువరకు పోయి మరునాడు అమ్ముడుపోయి బ్రతికెను.

ఇట్టి యాపదలు క్రొత్తవి కావు. ఆక్రింగ్‌టన్ స్టాన్లీ యను క్లబ్బు 1962 మార్చిలో ఆటకాలము మధ్యలోనే అప్పులకు లొంగి లీగును వదలి, మరల అదే పేర పుట్టి, 2006 లో గాని తిరిగి రాలేదు. యజమాని దూరదేశమున నున్న మరియొక చిక్కు. మనవారెరిగిన యుదాహరణము బ్లాక్‌బర్న్ రోవర్స్. తెలుగువారైన బండా వాసుదేవరావుగారు స్థాపించిన వేంకటేశ్వరా హేచరీసు, అనగా వెంకీస్ కోళ్ళ సంస్థవారు, 2010 లో ఆ క్లబ్బును కొనిరి. 1995 లో దేశవిజేతయైన క్లబ్బది. 2012 లో అది రెండవ తరగతికి, 2017 లో మూడవ తరగతికి దిగి మరుసటి యేడు ఒక మెట్టు ఎక్కెను. యజమానులు ఏటేట సొమ్ము పోయుచునే వచ్చిరి. కాని 2023 లో ఆ సొమ్ము ఇండియా దాటుటకు ఢిల్లీ హైకోర్టు అనుమతి కావలసివచ్చెను. లాంకషైరులోని జీతములు ఢిల్లీ కచేరిలోని తీర్పుకై కనిపెట్టుకొనియుండుట ఆ యూరివా రెవ్వరును కలనైన తలచియుండరు.

యజమానిపై ఆధారపడక సభ్యులే క్లబ్బును నడుపుకొనలేరా? 1992 లో నార్తాంప్టను పట్టణమున అభిమానులు మొదట ట్రస్టుగా నేర్పడిరి. తరువాత అనేకచోట్ల అట్టివి పుట్టినవి. వీనిలో పెక్కు సహకార చట్టము క్రిందనే రిజిస్టరైన సంఘములు. ఎంత సొమ్ము పెట్టినను సభ్యునికొక్కటే వోటు. ఎక్సిటరు సిటీ క్లబ్బు 2003 లో లీగునుండి దిగజారి అప్పులలో మునిగినప్పుడు ట్రస్టు దానిని చేతబట్టెను. 2005 జనవరిలో కప్పు ఆటల చీట్లలో మాంచెస్టరు యునైటెడు క్లబ్బుతో జత పడెను. 67,551 మంది చూచుచుండగా ఆట సున్న సున్నగా ముగిసి, ఎక్సిటరులో రెండవమా రాడవలసి వచ్చెను. కప్పు ఆటలలో నేటికిని టిక్కెట్ల సొమ్ము ఇరుప్రక్కలవారు పంచుకొందురు; పాత మర్యాద అచ్చట మిగిలియున్నది. ఆ రెండాటల సొమ్ము అప్పుల నుండి గట్టెక్కించెను. 2008 లో క్లబ్బు లీగునకు తిరిగివచ్చెను.

కాని అదృష్టము ఏటేట రాదు. ఎక్సిటరువారి నిజమైన బ్రతుకుదెరువు నారుమడి. చిన్నవయసు పిల్లలను చేర్చుకొని పెంచి, ఎదిగినవారిని పెద్ద క్లబ్బులకు అమ్ముదురు. ఆలీ వాట్కిన్స్ అట్లు 2017 లో బ్రెంట్‌ఫర్డునకు పోయెను. మరల అమ్మినచో తమకు భాగము రావలెనని ముందే వ్రాయించుకొనిరి. 2020 లో ఆస్టన్ విల్లా పెద్దధర ఇచ్చినప్పుడు ఆ భాగము వచ్చెను. 2024 జూలైలో నెదర్లాండ్సుపై ఇంగ్లండును తుదియాటకు చేర్చిన గోలు ఇతనిదే. ఐ టి వి పూచీకాగితము మరచినవారికిని, ఈ కాగితము వ్రాయించుకొన్నవారికిని గల తేడా గమనింపదగినది.

పోర్ట్స్‌మతు కథ మరియొక దారి. 2008 లో కప్పు గెలిచిన క్లబ్బు రెండుమార్లు దివాలా రక్షణకు పోయి నాలుగవ తరగతికి జారెను. 2013 ఏప్రిలులో అభిమానులు వాటాకు 1,000 పౌనుల చొప్పున కూడబెట్టి కొనిరి. అప్పులు తీర్చిరి, 2017 లో తరగతి గెలిచిరి. ఆ యేడే సభ్యులు వోటు వేసి ఒక అమెరికా ధనవంతునకు అమ్మివేసిరి. పాతబడిన మైదానము బాగుచేయుటకు తమ చేతి సొమ్ము చాలదని వారి లెక్క. దీనిని సహకారపు ఓటమి యనువారు కలరు. సభ్యులు లెక్కలు తెలిసి, వోటు వేసి, అప్పులేని క్లబ్బును మంచి ధరకు అమ్ముటయు, ఒకడు చీకటిలో ఒక్క పౌనుకు అమ్ముటయు ఒకటి కాదు. వింబుల్డనువారు మాత్రము పట్టు విడువలేదు. 2002 లో తమ క్లబ్బును ఏబది మైళ్ళకు పైగా దూరమందలి మిల్టన్ కీన్సునకు తరలించుటకు అనుమతి దొరకగా, అభిమానులు క్రొత్త క్లబ్బు పెట్టి తొమ్మిదవ మెట్టునుండి తొమ్మిదేండ్లలో లీగున చేరిరి. 2020 లో తమ సొంతయూరి మైదానము కట్టుకొనుచు లోటు పడినప్పుడు అభిమానులే 50 లక్షల పౌనులకు మించి బాండ్లు కొనిరి.

బరీ కథ వలన కదిలి, సర్కారు విచారణ జరిపించి, 2025 జూలైలో ఫుట్‌బాలు పాలన చట్టము చేసెను. స్వతంత్రాధికారి యొకడు ఏర్పడెను. క్లబ్బులకు అనుజ్ఞాపత్రము కావలయును. యజమాని సొమ్మెక్కడిదో చూపవలయును. వీనికంటె ముఖ్యమైనది వేరొకటి: ఆ యధికారి అనుమతి లేనిదే ఆటమైదానమును అమ్మరాదు, తాకట్టు పెట్టరాదు.

గిగ్ లేను సంగతి యేమైనది? అభిమానులలో ఒక వర్గము క్రొత్త క్లబ్బు స్థాపించి 2020 నుండి పొరుగున రాడ్‌క్లిఫ్‌లో పదవ మెట్టున ఆడసాగెను. మరియొక వర్గము మైదానము విడిపించుటకు పూనుకొనెను. 2022 ఫిబ్రవరిలో సర్కారువారి 10 లక్షల పౌనుల సహాయముతోను, ధనికుడైన ఒక అభిమాని విరాళముతోను భూమి చేతికి వచ్చెను. భూమి యొక సంఘమునది, ఆటగాండ్రు మరియొక సంఘమువారు. పురపాలకమువారు సొమ్మిచ్చుటకు రెండును ఏకము కావలెననిరి. 2022 అక్టోబరులో వోటు పెట్టగా ఒక సంఘమున కావలసిన మూడింట రెండువంతులకు కొంచెము తక్కువ వచ్చి తీర్మానము వీగిపోయెను. ఊరిలో మాటలు పెరిగెను. అన్నదమ్ములు పలుకరించుకొనుట మానిరని చెప్పినను నేనాశ్చర్యపడను, సర్వసభ్య సమావేశములు చూచినవాడను గనుక. 2023 లో మరల వోటు పెట్టగా నెగ్గినది. ఆ వేసవి చివర గిగ్ లేనులో బరీ పేరనే ఆట మొదలయ్యెను. నాలుగైదు వందలమంది వచ్చుటయే గొప్పయగు తొమ్మిదవ మెట్టు లీగున, ఆ మైదానమునకు ఆటాటకు మూడువేలకు మించిన జనము టిక్కెట్టు కొని వచ్చుచుండిరి.